తిరునాళ్ల అంగళ్లు: చీటియు, నీరును

మాఘపూర్ణిమనాడు కృష్ణవేణి సాగరమును గలయు హంసలదీవిలో జనులు వేలసంఖ్యలో స్నానమాడుదురు. కార్తికపూర్ణిమనాడు బందరు చెంత మంగినపూడి తీరమున నదే సందడి. చిలకలపూడి పాండురంగని యుత్సవములు, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని కల్యాణము, బందరు దసరా శక్తిపటముల యూరేగింపు, గుడివాడ పెండ్లిపందిళ్లు - కృష్ణాడెల్టా దిగువసీమలో జనులు గుమిగూడని మాసము లేదు. జనులు చేరినచోటికి అంగడి చేరును. నాలుగు వెదురుబొంగులు, ఒక టార్పాలిను, ఒక పొయ్యి, ఒక బాణలి. ఒక జాము గడచునప్పటికి మిరపకాయ బజ్జీలు, జిలేబి, పులిహోర, చెఱకురసము సిద్ధము. మూడవనాటికి ఆ చోట బూడిదయు, విస్తళ్లును మాత్రమే మిగులును.

ఈ యంగడివాని నల్పుడని త్రోసివేయరాదు. పెద్దహోటళ్లు ఇసుకతిన్నెలపైకి రావు. దూరగ్రామములనుండి పిల్లలతో నడచివచ్చిన బీదలకు వాడే యన్నదాత. వాని జీవనమును గాపాడుట యెంత ధర్మమో, వాని చేతికూడు దినువాని ప్రాణమును గాపాడుటయు నంతే ధర్మము. కాని మనయందు ఈ రెండు ధర్మములును పరస్పరవిరుద్ధములన్న భావము పాతుకొన్నది. అందువలన నొకయెడ వానిని తరుముదుము, మరియొకయెడ చూచియు చూడనట్లుందుము. తరుముట న్యాయము కాదు; ఉపేక్షించుట దయయు కాదు.

ఉత్సవములకును వ్యాధులకును గల సంబంధము క్రొత్తగా దెలిసినది కాదు. 19వ శతాబ్దమున యాత్రికుల వెంట కలరా ఊరూర వ్యాపించుచుండెను. 1854లో లండను నగరమున జాన్ స్నో యను వైద్యుడు, ఒక వీధిపంపు నీటికిని కలరా మరణములకును గల సంబంధమును జూపెను. 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోఖ్ కలకత్తానుండి ఆ వ్యాధిక్రిమిని లోకమునకు ప్రకటించెను. చెన్నరాజధానిలో 1939వ సంవత్సరపు ప్రజారోగ్యచట్టము సంతలకును, ఉత్సవములకును ప్రత్యేకముగ నొక యధ్యాయము నేర్పరచినది. అందలి తత్త్వ మేమనగా, తిరునాళ్లనగా మూడుదినముల పట్టణము. పట్టణమునకు నీరు, మురుగు, పారిశుద్ధ్యము ఎట్లు వలయునో దీనికిని అట్లే వలయును. వానిని సమకూర్చుట యొక్కొక్క దుకాణదారుని చేతిలోనిది కాదు, ఊరి భారము.

నేటి శాసనము 2006వ సంవత్సరపు ఆహారభద్రతా ప్రమాణముల చట్టము. దాని 31వ విభాగము చిల్లరవర్తకునికి, తిరుగుడువర్తకునికి, తాత్కాలికపు అంగడివానికి లైసెన్సు అక్కరలేదని చెప్పి, పేరు నమోదు చేసికొనుట మాత్రము విధిగ జేసినది. 2011లో రచింపబడిన నిబంధనలు సాలునకు 12 లక్షల రూపాయలకు మించని వ్యాపారమును ఈ తరగతిలో జేర్చి, సాలునకు 100 రూపాయల రుసుమును నిర్ణయించినవి. ఇంతవరకు శాసనము బీదవానియెడ కరుణతోనే నడచినదని యొప్పుకొనవలెను.

అయితే ఆ 2011 నిబంధనలలోని గడువులను జూడుడు. దరఖాస్తు చేరిన 7 దినములలో అధికారి యంగీకరింపవచ్చును, తిరస్కరింపవచ్చును, లేదా తనిఖీకి ఉత్తరువు చేయవచ్చును. తనిఖీ యన్నచో 30 దినముల గడువు. ఊరిలో స్థిరముగ నుండు టీదుకాణమునకు ఇది బాగుగనే యున్నది. పూర్ణిమకు ముందటి సాయంకాలము బండి దించి, మరునాటి రాత్రికి పందిరి విప్పుకొనిపోవు వానికి ఏడుదినముల గడువుతో ప్రయోజనమేమి? కాగితము చేతికి వచ్చునప్పటికి తిరునాళ్లు ముగియును. తనిఖీకి వచ్చిన యధికారికి ఇసుక దప్ప మరేమియు గానరాదు.

ఇతరదేశములు ఈ చిక్కును గుర్తించినవి. అమెరికా సంయుక్తరాష్ట్రముల ఆహారనియమావళి, ఒక్క యుత్సవమునకై వరుసగ 14 దినములకు మించక నడచు భోజనశాలను ప్రత్యేకజాతిగ నిర్వచించినది. ఇంగ్లండులో ఆహారవ్యాపారము నారంభింపగోరువాడు 28 దినములు ముందుగ స్థానికసంస్థకు దెలుపవలెను. వారి పద్ధతులనెల్ల మనము దెచ్చుకొననక్కరలేదు. ముందుగ దెలిసికొనుట, ఉత్సవము ననుసరించి యనుమతి నిచ్చుట అను రెండు సూత్రములు మాత్రము గ్రహింపదగినవి.

అనుమతికంటె ముఖ్యమైనది ఆహారము. వేడిగ నుండవలసిన పదార్థము 60 డిగ్రీల సెంటిగ్రేడునకు పైని, చల్లగ నుండవలసినది 5 డిగ్రీలకు లోపల నుండవలెను. ఈ రెంటినడుమ క్రిములు వేగముగ వృద్ధిజెందును. వండిన వంటకమును బయట రెండుగంటలకంటె నిలువయుంచరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ బోధించుచున్నది. సముద్రపుగాలిలో, ఉక్కలో, ఉదయము వండిన యన్నము సాయంకాలమువరకు గంగాళములో నుండినయెడల తిరిగి వేడిచేసినను దోషము పోదు. ఏలన, కొన్ని క్రిములు విడిచిన విషము కాగుటచే నశింపదు. జిలేబికి వన్నె దెచ్చుటకై కలుపు మెటానిల్ యెల్లో ఆహారమునకు నిషిద్ధమైన రంగు. చేపలను నిలువచేయుటకై తయారగు మంచుగడ్డ చెఱకురసములో వేయదగినది కాదు. ఇక మా వృత్తికి సంబంధించిన మాట యొకటి కలదు. వార్తాపత్రికల కాగితములో ఆహారమును జుట్టుటను, నిలువచేయుటను 2018వ సంవత్సరపు నిబంధనలు నిషేధించినవి. అచ్చుసిరాలోని హానికరద్రవ్యములు నూనెతో బాటు తినుబండారములోనికి దిగును. మా వ్రాతలను పాఠకులు మనస్సులోనికి దీసికొందురుగాక. బజ్జీలతో గడుపులోనికి దీసికొనవలదు. అరటియాకు మన సీమలో కరవైనది కాదు.

వీనిలో నన్నిటికి మూలము నీరు. దివిసీమయందు తీరమునకు చేరిన కొలది నేలలోని నీరు ఉప్పు; కాలువనీరును చెరువులలో నిలువచేసికొని వేసవి గడపుదుము. పంపునీటిలో లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని భారతీయప్రమాణము. చేతులు కడుగుడు, గిన్నెలు తోముడు, త్రాగుటకు మంచినీరిండని యంగడివానికి జెప్పుట సులభము. ఇసుకదిబ్బపై కూర్చున్నవాడు ఆ నీటి నెచ్చటినుండి దెచ్చును? ఒకే బిందెతో గిన్నెలు కడిగినవానిపై అపరిశుభ్రతకు లక్ష రూపాయలదాక జరిమానా విధించు నధికారము శాసనమున నున్నది. నీరీయక జరిమానా విధించుట దప్పిగొన్నవానిని దాహమేల యని దండించుట వంటిది.

ఇచ్చట మా పాఠకులతో నిష్ఠురముగ నొకమాట చెప్పవలసియున్నది. ఉత్సవసంఘములలో పెద్దలెవరు? భూస్వాములును, పట్టణప్రముఖులునే గదా! స్థలమును వేలముపాటలో అత్యధికముగ పాడినవాని కప్పగించి, వచ్చిన సొమ్ముతో బాణసంచా కాల్చి, మేళములు పెట్టించిన సంఘము, ఆ యంగళ్లవరుసకు ఒక్క నీటితొట్టి పెట్టించినదా యని తన్ను దాను ప్రశ్నించుకొనవలెను. పాట హెచ్చినకొలది దుకాణదారుడు మిగిలిన కూరను పారవేయలేడు, మాడిన నూనెను మార్చలేడు. అద్దెరూపమున మనము గైకొన్న రూపాయి యాత్రికుని కడుపునొప్పియై తిరిగివచ్చును. అద్దె దీసికొన్నవాడు నీరును ఇయ్యవలెను. ఇది మేము చెప్పదలచిన ప్రధానవిషయము.

చేయవలసినది అసాధ్యము కాదు. తిథులు పంచాంగమున ముందుగనే యున్నవి. కార్తికపూర్ణిమ మనకు జెప్పక రాదు. ఉత్సవమునకు పదునైదుదినములు ముందు ఆహారభద్రతాధికారి పంచాయతి కచేరిలోనో, పురపాలక కార్యాలయములోనో కూర్చుండి, అచ్చటనే పేరు నమోదు చేసి, తెలుగులో నాలుగు నియమములు బోధించి పంపవలెను. వేలమునకు బదులు స్థిరమైన యద్దె నిర్ణయించి, అందులో నొకభాగమును క్లోరిను కలిపిన నీటికిని, చెత్తతొట్లకును ప్రత్యేకించవలెను. పట్టణములలో 2014వ సంవత్సరపు వీధివర్తకుల చట్టము ప్రకారము వర్తకసమితులలో కనీసము నూటికి 40 మంది వర్తకుల ప్రతినిధులే యుండవలెను. ఆ ప్రతినిధులను పిలిచి యడిగినచో ఏ మూల నీరు చాలదో, ఏ చోట మురుగు నిలుచునో వారే చెప్పగలరు. ఇంత చేసినపిమ్మట నిషిద్ధమైన రంగు కలిపినవానిని, పాచిపోయిన యన్నము నమ్మినవానిని నిర్దాక్షిణ్యముగ శిక్షించుడు, మేము అడ్డుపడము.

2016 ఆగస్టు మాసమున కృష్ణాపుష్కరములు జరిగినవి. పండ్రెండేండ్ల లెక్కచొప్పున మరల 2028లో రావలెను. నాడు హంసలదీవికిని, దివిసీమ రేవులకును వచ్చు జనసంఖ్యను మనము తగ్గింపజాలము, తగ్గింపనక్కరయు లేదు. వారు మన యతిథులు. అతిథికి అర్ఘ్యపాద్యము లిచ్చిన పిదపనే భోజనము పెట్టుట మన యాచారము. ముందు నీరు, పిదప నన్నము. ఆ క్రమమునే ప్రభుత్వమును, ఉత్సవసంఘములును పాటించినచో చాలును.