తెర పడిన పిమ్మటి పావుగంట

నాటకము ముగిసినది. తెర దిగినది. చప్పట్లు సద్దుమణిగి, చెప్పుల కొరకు తొందర మొదలగు వేళకు సమాజ కార్యదర్శి తెర ముందునకు వచ్చి, "దయచేసి ఒక పావుగంట కూర్చోండి. చూచిన నాటకాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకొందాం" అని కోరును. నూరుమంది పట్టు చిన్న హాలులో సగముమంది అప్పటికే గుమ్మము దాటుదురు. తక్కినవారు ముందు వరుసలకు జరిగి కూర్చుందురు. నటులు ముఖముల రంగు సగము తుడుచుకొని, నాటకకర్త కండువా సవరించుకొని, కుర్చీలలో ఆసీనులగుదురు. ప్రశ్నలు మొదలగును. ఆ ప్రశ్నలను వినువారిలో ఎవరికిని కానరాని వాడొకడు కలడు. అతడు ప్రక్కతెర చాటున, చేత ఒక బైండు పుస్తకముతో నిలిచియుండును. అతడే రంగనిర్వాహకుడు.

ఆ పుస్తకము నాటకపు ప్రతియే. కాని ప్రతి పుటకును ఎదుట ఒక తెల్లకాగితము చేర్చి కుట్టినది. ఏ మాటకు దీపము తగ్గవలెనో, ఏ మాటకు తలుపు చప్పుడు కావలెనో, ఏ పాత్ర ఏ ప్రక్కనుండి రావలెనో అందు పెన్సిలుతో వ్రాసియుండును. పని తెలిసిన నిర్వాహకుడు వీనితోపాటు మరియొక లెక్కను గూడ వ్రాసికొనును: జనము ఎక్కడ నవ్విరి, ఎక్కడ దగ్గిరి, ఎక్కడ కుర్చీలు కిర్రుమన్నవి. వెలుగులో నిలిచిన నటునికి ప్రేక్షకుడు కానరాడు. దర్శకుని కన్ను నటుని మీదనే యుండును. చీకటిలోని అలికిడి అంతయు నిర్వాహకుని చెవిని బడును.

అందుచేత అతడు ప్రేక్షకుల మాటను రెండుసార్లు వినును. మొదటిది నాటకము నడుచుచుండగా వారు తెలియక చెప్పినది. రెండవది తెర పడిన పిమ్మట తెలిసి చెప్పినది. ఈ రెండును కలియుట అరుదు. రెండవ అంకమున తండ్రి ఉత్తరము చదువు ఘట్టము కలదనుకొందము. అప్పుడు హాలంతయు దగ్గులతో నిండినదని పుస్తకము చెప్పును. చర్చలో ముందుగా లేచిన పెద్దమనిషి ఆ ఘట్టమే అద్భుతమనును. ఆయన అబద్ధమాడుట లేదు, మర్యాద పలుకుచున్నాడు. చిన్న ఊరిలో నటుడు తన పొరుగువాడే కదా.

ఇట్టి లెక్క వ్రాయుట క్రొత్త సంగతి కాదు. నాట్యశాస్త్రమున 27వ అధ్యాయము కేవలము దీనికొరకే యున్నది. ప్రదర్శన ఫలించుటను భరతుడు సిద్ధి యనెను. చిరునవ్వు, సగము నవ్వు, పెద్ద నవ్వు, 'సాధు', 'అహో', 'కష్టము' అను పలుకులు, మేను పులకరించుట, ఆసనమునుండి లేచుట, బట్ట తీసి యిచ్చుట ఇవన్నియు మానుషసిద్ధికి గుర్తులు. రంగము నిండియుండియు సద్దు లేక, కలత లేక యుండుట దైవసిద్ధి. గుణదోషములను నిర్ణయించుటకు ప్రాశ్నికులుందురు. వారిలో వ్యాకరణవేత్త, ఛందోవేత్త, చిత్రకారుడు, విలుకాడు, వేశ్య, రాజసేవకుడు మున్నగువారు పదిమంది; ఎవరికి తెలిసిన విషయమున వారే న్యాయకర్తలు. వారికి తోడు లేఖకుడును గణకుడును. గిట్టనివారు పేడముద్దలు, మట్టిబెడ్డలు విసరుట, చీమలను వదలుట గూడ భరతుని జాబితాలో నుండుట చూడగా నాటి నిర్వాహకుని కష్టము నేటివానికంటె తక్కువది కాదని తోచును. ఇంత సూక్ష్మముగ ప్రేక్షకుని గమనించిన ఆ శాస్త్రమున ఒకటి మాత్రము కానరాదు. సామాన్య ప్రేక్షకుని నిలిపి, "నీకేమి తోచినది?" అని అడుగుట.

తెలుగునాట పద్యనాటకముల రోజులలో ప్రేక్షకుడు అడుగకయే చెప్పెను. 'వన్స్ మోర్' అను ఒక్క కేకతో నాటకమును నిలిపివైచి, పద్యమును మరల పాడించుకొనెను. మరణించిన పాత్ర లేచి, పాడి, తిరిగి మరణించిన కథలు నేటికిని నవ్వుచు చెప్పుకొందురు. అది మోటు సంభాషణ కావచ్చును, కాని సంభాషణయే. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు వెలసిన పిమ్మట పోటీ నాటకములు పెరిగినవి. నాటకరచనకును ప్రయోగమునకును మేలు కలిగినది. అయితే పోటీలో మార్కులు వేయువారు న్యాయనిర్ణేతలు. ప్రేక్షకుడు ఫలితము కొరకు నిరీక్షించును. అతని అభిప్రాయము బస్సులోనో కాఫీ హోటలులోనో ఖర్చయిపోవును.

ప్రేక్షకుల మాట నాటకమునే తిరుగ వ్రాయించిన సందర్భ మొకటి గలదు. అది జరిగినది ఒక బడిలో. జర్మను కవి బెర్టోల్ట్ బ్రెహ్ట్, సంగీతకర్త కుర్ట్ వైల్ కలిసి విద్యార్థులు పాడి ఆడుటకై ఒక చిన్న సంగీతరూపకమును కూర్చిరి. పేరు 'డెర్ యాజాగర్'. తెలుగున 'ఔనన్నవాడు' అనవచ్చును. 1930 జూన్‌లో బెర్లినులో దాని తొలి ప్రదర్శన జరిగినది. కథ జపానుది. 'తానికో' అను నో నాటకమును ఆర్థర్ వేలీ ఇంగ్లీషు చేసి 1921లో ప్రకటించెను. దానినుండి ఎలిజబెత్ హౌప్ట్‌మన్ జర్మను చేసెను. ఒక గురువు శిష్యులతో కొండలు దాటి యాత్ర పోవుచుండును. తల్లి జబ్బుతో నున్న బాలుడొకడు మందు తెచ్చుటకై వారివెంట బయలుదేరును. కొండదారిలో బాలునికే జబ్బు చేయును. అట్టివానిని లోయలోనికి త్రోయవలెనని ఆచారము. ముందుగా అతని సమ్మతి నడుగవలెననియు, అతడు ఔననవలెననియు గూడ ఆచారమే. బాలుడు ఔననును. త్రోసివేయుదురు. (జపాను మూలమున చివరకు బాలుడు దైవకృపచే బ్రతుకును. వేలీ ఆ భాగమును విడిచిపెట్టుటచే జర్మనువారికి చావు మాత్రమే చేరినది.)

ఆజ్ఞాపాలనమును కీర్తించిన నాటకమని కొందరు సంతోషించిరి; అందుకే కొందరు మండిపడిరి. బ్రెహ్ట్ ఈ రెండు వర్గములతోను సరిపెట్టుకొనక, బెర్లినులోని నొయ్‌కోల్న్ పేటలో ఫ్రిట్జ్ కార్సెన్ ప్రధానాధ్యాపకుడుగా నున్న కార్ల్ మార్క్స్ పాఠశాల విద్యార్థుల చేతికి నాటకము నిచ్చెను. వేర్వేరు తరగతుల పిల్లలు దానిని చర్చించిరి. వారి మాటలను కాగితము మీద పెట్టిరి. ఇంత చిన్న కారణమునకు ప్రాణము తీయవచ్చునా, వెనుకకు మరలరాదా అనునది వారి అభ్యంతరముల సారము. పెద్ద విమర్శకులు సిద్ధాంతములు చర్చించిన చోట పిల్లలు దారి లెక్క చూచిరి.

బ్రెహ్ట్ వారికి సమాధానము చెప్పలేదు. నాటకమును మార్చెను. క్రొత్త ప్రతిలో ఊరంతయు అంటువ్యాధితో బాధపడుచుండును. మందు తెచ్చుటలో ఆలస్యమైన అనేకులు చత్తురు. ఇప్పుడు బాలుని 'ఔను'నకు అర్థము వచ్చినది. దానికి జంటగా 'డెర్ నైన్‌జాగర్' అను రెండవ నాటకమును వ్రాసెను. 'కాదన్నవాడు' అని అర్థము. అందు యాత్ర వట్టి విద్యాయాత్ర, తొందర లేదు. బాలుడు కాదనును. ప్రతి క్రొత్త పరిస్థితిలోను క్రొత్తగా ఆలోచించు ఆచారము కావలెననును. తోడివారు లోకము నవ్వునని తెలిసియు అతనిని మోసికొని వెనుకకు మరలుదురు. వీలైనంతవరకు రెండును కలిపియే ఆడవలెనని బ్రెహ్ట్ కోరెను. 1931లో అచ్చయిన సంపుటమున ఈ నాటకములతోపాటు ఆ పిల్లల చర్చలనుండి కొన్ని భాగములు గూడ చేరినవి. రెండేండ్లు తిరుగక మునుపే, 1933లో, నాజీలు కార్సెన్‌ను పదవినుండి తొలగించిరి. కాదనుట నేర్చిన బడికి ఆ దేశమున తావు లేకపోయినది.

నొయ్‌కోల్న్ చర్చకు ఫలము కలిగినది పిల్లలు తెలివిగలవారగుటచే మాత్రమే కాదు. అడిగినవాడు మార్చుటకు సిద్ధపడి అడిగెను; చెప్పినది వ్రాతలో నిలిచెను. మన చిన్న హాళ్లలో చర్చ చప్పబడుట ఈ రెంటిలో లోపముచేతనే. ప్రేక్షకుడు "ఆ కూతురు అంత త్వరగా క్షమించుట నమ్మశక్యముగా లేదు" అనగానే నాటకకర్త "అసలు మా ఉద్దేశం ఏమిటంటే" అని మొదలిడును. ఆ 'అసలు' అను మాటతో చర్చ చచ్చును. ఉద్దేశము తెలియుటకు గదా రెండుగంటలసేపు నాటకము చూచినది!

ఇట్టి ముచ్చటనే అమెరికా రచయిత థార్న్‌టన్ వైల్డర్ 1938లో వేదిక కెక్కించెను. అతని 'అవర్ టౌన్' నాటకమున రంగనిర్వాహకుడే ఒక పాత్ర. మొదటి అంకమున అతడు ప్రేక్షకులను ప్రశ్నలడుగుమనును. హాలులోనుండి ముగ్గురు లేచి అడుగుదురు: ఊరిలో త్రాగుడున్నదా, సాంఘికాన్యాయము నెవరైన పట్టించుకొందురా, సౌందర్యాభిరుచి యేమైన గలదా అని. ఆ ముగ్గురును నటులే; వారి ప్రశ్నలు ముందే వ్రాసినవి. వైల్డర్ దానిని తెలిసి చేసెను. ముందుగా ప్రశ్నలు పంచిపెట్టి "ఇది బహిరంగ చర్చ" అను సభలు మనకును క్రొత్త గావు.

నిర్వాహకుని చేతిలో నున్నది చాల చిన్న పని. కాని అది చెడిన చర్చయే చెడును. వేదిక మీది దీపములను ఆర్పక హాలును చీకటిలో నుంచిన, ప్రశ్న అడుగువాడు నూతిలోనుండి పలికినట్లుండును. ముందు హాలు దీపములు వేయవలెను. కుర్చీలు వేదిక మీద గాక క్రింద, ప్రేక్షకుల నేలమీదనే వేయుట మేలు. ఎత్తున కూర్చున్నవానిని ఎవరును తప్పుపట్టరు. "ఎట్లున్నది?" అని అడిగిన "బాగున్నది" అను ఒక్క జవాబే వచ్చును. "ఏ ఘట్టము ఇంకను కన్నులలో నున్నది?" అన్నచో చేతులు లేచును. బ్రెజిలు దేశపు అగస్టో బోఆల్ ప్రేక్షకునే వేదికమీదికి పిలిచి కథను మార్చి ఆడి చూపుమను పద్ధతి నేర్పరచెను; అందు మధ్యవర్తిని జోకరందురు. అతడు తీర్పు చెప్పడు, అడుగుచుండును. బడి వార్షికోత్సవపు నాటకమునకు అంత అవసరము లేదు. మరునాటి తెలుగు పీరియడులో అరగంట చాలును. అప్పుడు నాటకము వేయించిన ఉపాధ్యాయుడే నిర్వాహకుడు. పాఠము చెప్పుట మాని పెన్సిలు పట్టుకొనుట ఆయనకు కష్టము.

హాలు గడువు తీరును. కాపలాదారు తాళముచెవులు మ్రోగించును. వేదిక ముందు పెద్దలు వందన సమర్పణ చేసికొనుచుండగా, వెనుక వరుసలో రెండుసార్లు చేయి యెత్తి రెండుసార్లును దించుకొన్న కుర్రవాడు కుర్చీలు మడుచుటకు సాయము వచ్చును. నాలుగు కుర్చీలు మడిచిన పిమ్మట మెల్లగా అడుగును:

"ఏవండీ, ఉత్తరంలో ఏముందో మాకు మొదటి అంకంలోనే తెలిసిపోయింది కదండీ. మళ్లీ అంతా ఎందుకు చదివించారు?"

నిర్వాహకుడు చేతిలోని కుర్చీని గోడకు చేర్చి, చెవిమీది పెన్సిలు తీసి, రెండవ అంకము తెరచును. 'దగ్గులు' అని వ్రాసిన చోట ప్రక్కన ఇంకను కొంత తెల్లకాగితము మిగిలియుండును.