రెండు భాషలు వస్తే మతిమరుపు జబ్బు ఆలస్యం

విశాఖపట్నం: 1933లో ఓడరేవు ప్రారంభమైంది. తర్వాత ఉక్కు కర్మాగారం వచ్చింది. వీటితో ఒడియా, బెంగాలీ, హిందీ మాట్లాడేవారెందరో ఈ ఊరివారైపోయారు. వారి పక్కన మూటలు మోసిన మన పల్లెల కూలీలు బడి గడప తొక్కకుండానే రెండో భాష పట్టేశారు. ఇలా అబ్బిన భాష ముసలితనంలోనూ అక్కరకు రావచ్చని హైదరాబాద్‌లో జరిగిన పరిశోధన చెబుతోంది.

హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు జబ్బు (డిమెన్షియా) రోగుల వివరాలు పరిశీలించింది. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఒకే భాష వచ్చినవారికి జబ్బు సగటున 61 ఏళ్లకు మొదలైంది. రెండు, అంతకు మించి భాషలు వచ్చినవారికి 65 దాటాక మొదలైంది. అంటే సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యం. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించడం విశేషం. మూడో భాష వల్ల అదనపు లాభమేమీ కనిపించలేదు.

రెండు భాషలు వచ్చినవారు మాట్లాడేటప్పుడల్లా ఒకదాన్ని ఆపి, రెండోదాన్ని బయటకు తీయాలి. మెదడుకు ఇది రోజువారీ కసరత్తు అని శాస్త్రవేత్తల అభిప్రాయం. అయితే అన్ని దేశాల పరిశోధనల్లోనూ ఇదే ఫలితం రాలేదు. భాషలు వచ్చినంత మాత్రాన జబ్బు రాదని కూడా అనుకోరాదు.

తెలిసిన మనిషి పేరు నాలుక చివర ఆడుతూ కాసేపటికి గాని గుర్తురాకపోతే కంగారు పడనక్కరలేదు. అది వయసుతో వచ్చేదే. రోజూ వాడే చెంబు, తాళం పేర్లు కూడా తట్టక 'అదీ ఇదీ' అంటున్నా, అడిగిందే అడుగుతున్నా, ఎరిగిన దారి తప్పుతున్నా డాక్టరుకు చూపించాలి. చాదస్తమని వదిలేయరాదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం వల్ల వచ్చే మతిమరుపు వైద్యంతో తగ్గవచ్చు. విశాఖ కేజీహెచ్‌లో నరాల వ్యాధుల విభాగం ఉంది.

చెవుడునూ తేలికగా తీసుకోరాదు. వినికిడి తగ్గితే మతిమరుపు ముప్పు పెరుగుతుందని వైద్యులు గుర్తించారు. మాట వినపడని ముసలివారు క్రమంగా నలుగురిలో కూర్చోవడం మానేస్తారు. ఊళ్లో అరుగు మీద పదిమందితో మాట్లాడిన మామ్మను కొడుకు పట్నం తెచ్చుకుంటే, పగలంతా పలకరించే దిక్కుండదు. మనవలకు ఇంగ్లీషు, ఆమెకు తెలుగు. పిల్లలు మామ్మ దగ్గర కూర్చుని తెలుగులో కబుర్లు చెబితే వారికి రెండో భాష నిలుస్తుంది, ఆమెకు మాట ఆడేందుకు తోడు దొరుకుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.