ఎగువసీమవారి సముద్రయాత్ర

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములకు సముద్రము లేదు. అయినను పెద్ద చెరువును సముద్రమని పిలుచుకొను ఆచారము రాయలసీమవారికి చిరకాలముగా గలదు. అనంతపురము చెంత బుక్కరాయసముద్రము, కుప్పము చెంత పరమసముద్రము అట్టి పేళ్ళే. కుప్పము సీమలో పారు పాలారు తమిళదేశమును దాటి బంగాళాఖాతమున కలియును గాని, ఏటిలో నీరే అరుదగుటచే ఆ బాంధవ్యము మనకు స్ఫురింపదు.

ఈ మెట్టసీమ గాలికై ఒకప్పుడు దూరప్రాంతముల క్షయరోగులు వచ్చెడివారు. మదనపల్లె చెంత ఆరోగ్యవరము శానిటోరియము 1915లో అందులకే వెలసినది. ఇప్పుడు మనవారు నీటికై దిగువకు పోవుచున్నారు. సెలవులు రాగానే విద్యార్థులు బస్సులెక్కి తిరుపతిమీదుగా నెల్లూరు తీరమున మైపాడునకో, తూపిలిపాళెమునకో చేరుదురు. మేము హర్షింతుము. తన దేశమునకు ఎల్లయైన సముద్రమును చూడని పౌరునికి దేశజ్ఞానము కొరవడియే యుండును. కాని రెండు గడియలు నీట గంతులు వైచి, మిరపకాయబజ్జీలు తిని మరలుట దర్శనము కాదు. సూళ్ళూరుపేటనుండి పులికాటు సరస్సు నడుమ సాగు శ్రీహరికోట బాటను శీతకాలపుటుదయమున కొంతదూరము నడచి చూడుడు: కనుచూపుమేర ఉప్పుకలసిన పలుచని నీరు, అందు బారులుగా నిలిచిన ఫ్లెమింగో పక్షులు!

చెరువులో ఈదినవాడు సముద్రమునకు వెరవడు; అదియే అపాయము. కెరటములు ఒడ్డునకు తెచ్చిన నీరు తిరిగి పోవుటకు ఇరుకైన దారి చేసికొనును. అచ్చట అలలు అంతగా విరుగవు, నురుగు తక్కువ. చూపునకు అదియే నెమ్మదియైన తావు. దిగినవానిని ఆ ప్రవాహము లోపలికి లాగుకొని పోవును. ఒడ్డువైపు ఎదురీదినచో బలము తరుగును. తీరము వెంబడి పక్కకు ఈది, ప్రవాహమును తప్పించుకొని, పిదప అలలతో ఒడ్డు చేరవలెను. ఈ నాలుగు మాటలు బస్సెక్కకముందు చెప్పు ఉపాధ్యాయులెందరు? బాలురు మునిగిన వార్తలను ప్రచురించి ప్రచురించి పత్రికలు విసిగినవి.

2025లో హంద్రీ-నీవా కాలువద్వారా కృష్ణాజలములు కుప్పము సీమను చేరినవి. చెరువులు నిండినచో, ఈత నేర్పుటకు తావు లేదను సాకు పాఠశాలలకు చెల్లదు. వడిగా పారు కాలువలో కాదు. చెరువుగట్టు చెంత, రొమ్ములోతు నీటిలో, ఈదనేర్చిన పెద్దల కనుసన్నలలో నేర్పవలెను. ఈత రానివారిని తీరమున మోకాలిలోతు దాటనీయరాదు. వారికి ఇసుకపై నడక యున్నది. ఈశాన్యఋతుపవనములు తగ్గిన జనవరి, ఫిబ్రవరి నెలలు అందులకు మిక్కిలి అనువైనవి.