మూతి వంకరపోతే: అర్దితమా, పక్షవాతమా?

ఉదయం లేచి నోరు పుక్కిలిస్తుంటే నీరు ఒక ప్రక్కనుండి జారిపోతుంది. అద్దంలో చూసుకుంటే మూతి వంకరగా కనిపిస్తుంది. ఒక కన్ను మూతపడదు. ‘గాలి సోకింది’ అని ఇంటిల్లిపాదీ కలవరపడతారు.

ఆయుర్వేదం ఈ వ్యాధిని ‘అర్దితం’ అంటుంది. చరకసంహిత చికిత్సాస్థానం 28వ అధ్యాయంలో ఇది వాతవ్యాధులలో ఒకటిగా వర్ణింపబడింది. ముఖంతోపాటు శరీరార్ధం కూడా దీనికి లోను కావచ్చునని చరకుడు చెప్పగా, సుశ్రుతుడు దీనిని ముఖానికే పరిమితం చేశాడు. ఈ భేదాన్ని గుర్తించడంలోనే రోగి క్షేమం ఉన్నది.

ముఖకండరాలను కదలించే నాడి పుర్రె ఎముకలోని ఇరుకైన మార్గం గుండా వెలుపలికి వస్తుంది. అది వాచి ఆ ఇరుకులో నలిగినప్పుడు ముఖంలో ఆ ప్రక్క అంతా చచ్చుబడుతుంది. దీనినే ఆధునికులు ‘బెల్స్ పాల్సీ’ అంటారు. ఇందులో కనుబొమ పైకి లేవదు, నుదుట ముడతలు పడవు. మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చినప్పుడు మూతి వంకరపోయినా నుదుటి ముడతలు సాధారణంగా నిలుస్తాయి. నుదుటికి మెదడు రెండు భాగాలనుండీ ఆజ్ఞలు అందడమే దీనికి కారణం.

అయినప్పటికీ ఈ పరీక్షను నమ్ముకొని ఇంట్లో కూర్చోరాదు. చేయి, కాలు బలహీనపడినా, మాట తడబడినా తక్షణమే 108కు ఫోను చేయాలి. రక్తపు గడ్డను కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటలలోపే ఇవ్వవలసి ఉంటుంది. ముఖమొక్కటే వంకరపోయినా ఆనాడే వైద్యునికి చూపాలి. స్టెరాయిడ్ మాత్రలు 72 గంటలలోపు ఆరంభిస్తే నాడి కోలుకునే అవకాశం పెరుగుతుంది. మధుమేహం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, ఆ మందుతో రక్తంలో చక్కెర పెరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం కంటిరక్షణ. మూతపడని కన్ను ఎండి పుండు పడవచ్చు. వైద్యుడిచ్చిన చుక్కలు వాడి, రాత్రివేళ రెప్పను మూసి ఉంచాలి. కంటిలో నూనె, ఆకుపసరు వేయరాదు.

అర్దితానికి నస్యం, శిరస్సుకు తైలం, స్వేదనం శాస్త్రోక్తాలు. వైద్యపరీక్ష పూర్తయిన తరువాత, అనుభవజ్ఞుని పర్యవేక్షణలోనే వీటిని చేయించుకోవాలి. ఇంట్లో గోరువెచ్చని నువ్వులనూనెతో చెంపను మృదువుగా నిమరవచ్చు. గట్టిగా రుద్దడం, మూతిని లాగడం తగదు.

దెబ్బతిన్న నాడీతంతువు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. కనుక ఓర్పు అవసరం. అధికశాతం రోగులు కొద్ది వారాలనుండి ఆరు నెలలలోపు కోలుకుంటారు. ఈ కాలంలో నలుగురిలోకి రావడానికి సంకోచించి కొందరు దిగులులో మునిగిపోతారు. నిద్ర, ఆకలి తగ్గి, ఆ విషాదం రెండు వారాలు దాటితే దానికీ చికిత్స చేయించాలి. వంకరపోయిన ముఖాన్ని ఎగతాళి చేయక, రోగిని ఎప్పటివలె పంక్తిలో కూర్చుండబెట్టుకొని భోజనం చేయడం ఇంటివారి ధర్మం.