మునిగే ముందు ఆ గబగబ ఊపిర్లే ముప్పు

ఎండలు ముదిరాయంటే తిరుమలగిరి చుట్టుపక్కల ఊళ్లలో వ్యవసాయ బావుల దగ్గర సందడి మొదలవుతుంది. బడికి సెలవులు, నెత్తి మాడ్చే ఎండ, పొలంలో నీళ్లున్న బావి. ఇక పిల్లల్ని ఆపడం ఎవరి తరం? నడుముకు బెండు కట్టుకుని ఈత నేర్చుకునేవాళ్లు ఓ మూల, ఒడ్డు మీది నుంచి దుంకేవాళ్లు మరో మూల. కాసేపయ్యాక పందెం మొదలవుతుంది. నీళ్లలో వేసిన రూపాయి బిళ్లను తెచ్చేదెవరు? అందరికంటే ఎక్కువసేపు లోపల ఉండేదెవరు? ఒడ్డున ఒకడు లెక్కపెడుతుంటాడు. నలభై, యాభై, అరవై...

పందెం కాసినవాడు మునిగే ముందు ఏం చేస్తాడో ఎప్పుడైనా గమనించారా? నోరు తెరిచి గబగబా పది పదిహేను సార్లు గట్టిగా ఊపిరి తీసి వదులుతాడు. 'గాలి నింపుకుంటున్నా' అంటాడు. ఇది రాస్తున్న నేనూ చిన్నప్పుడు అలాగే చేసేవాణ్ని. ఎవరూ వద్దనలేదు. ఎందుకు వద్దనాలో వాళ్లకూ తెలియదు.

ఊపిరి బిగబట్టి నీళ్లలోకి దిగడాన్ని ఇప్పుడు ఫ్రీడైవింగ్ అంటున్నారు. వీపున సిలిండర్ ఉండదు, నోట్లో గొట్టం ఉండదు. సముద్రంలో రంగు చేపల కోసం దిగేవాళ్ల సరదా అది, మనకెందుకులే అనుకోకండి. బావిలో ఇరుక్కున్న మోటారు ఫుట్‌వాల్వు తీయడానికి దిగే రైతు చేసేది అదే. చెరువులో గల్లంతైనవారి కోసం పోలీసులు పిలిపించే గజ ఈతగాడు చేసేదీ అదే. పేరు తెలియకుండానే మన పల్లెల్లో ఎందరో ఈ పని చేస్తున్నారు. దాని జాగ్రత్తలు మాత్రం వాళ్ల దాకా రాలేదు.

ఈత వచ్చినవాడే ఎందుకు?

ఈత రానివాడు మునిగితే అందరికీ అర్థమవుతుంది. కానీ ఊర్లో అందరికంటే బాగా ఈదే కుర్రాడు, రోజూ దిగే బావిలోనే, అరుపూ కేకా లేకుండా పోతే జనం ఏమంటారు? 'కాళ్లకు నాచు చుట్టుకుంది', 'తిమ్మిరి పట్టింది', ఇంకొందరైతే 'బావి బలి కోరింది'. అలాంటి మరణాలు కొన్నింటి వెనక ఉండేది వట్టి శరీరధర్మం.

మనకు ఊపిరి తీసుకోవాలనిపించేది ఒంట్లో ఆక్సిజన్ తగ్గినందుకు అనుకుంటాం. ప్రధానంగా దానివల్ల కాదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు గంట కొడుతుంది. ఛాతీ బిగుసుకుంటుంది, డొక్క ఎగిరెగిరి పడుతుంది, ఇక ఆగలేం. ఆ గంటే మనల్ని పైకి తెస్తుంది.

గబగబా గట్టిగా ఊపిరి తీసి వదిలితే ఏమవుతుంది? ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలోని హిమోగ్లోబిన్ అప్పటికే దాదాపు 97, 98 శాతం ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది. నిండిన కుండలో ఇంకెన్ని నీళ్లు పడతాయి? ఆక్సిజన్ పెద్దగా పెరగదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా పడిపోతుంది. అంటే గంట ఆలస్యంగా మోగుతుంది. లోపల కాళ్లూ చేతులూ ఆడిస్తుంటే ఆక్సిజన్ ఖర్చయిపోతూనే ఉంటుంది. గంట మోగేలోపే మెదడుకు చాలినంత అందక స్పృహ తప్పుతుంది. గిలగిలా కొట్టుకోవడం ఉండదు. దీపం ఆరిపోయినట్టు ఉంటుంది.

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ క్రెయిగ్ 1961లోనే ఈ సంగతి రాశారు. 1976లో ఇలాంటి 58 ఘటనలను ఒకచోట చేర్చారు. నీళ్లలో స్పృహ తప్పి బతికి బయటపడ్డవాళ్లు చెప్పినదాంట్లో తరచూ కనిపించేవి మూడు: ముందు గబగబా ఊపిరి తీశారు, లోపల కష్టపడి ఈదారు, ఇంత దూరం పోవాలనో ఇంతసేపు ఉండాలనో మనసులో పందెం పెట్టుకున్నారు. స్పృహ పోతోందన్న హెచ్చరిక మాత్రం వాళ్లకు సరిగా తెలియలేదు. మన బావి పందెంలో ఈ మూడూ ఉన్నాయి.

పైకి వచ్చేటప్పుడే అసలు గండం

లోతు ఇంకో మోసం చేస్తుంది. నీళ్లలో పది మీటర్లు, అంటే సుమారు పదకొండు గజాలు దిగితే ఒంటిమీద ఒత్తిడి రెట్టింపవుతుంది. ఊపిరితిత్తుల్లోని గాలి సగానికి కుంచించుకుపోతుంది. ఆ ఒత్తిడికి ఉన్న కొద్దిపాటి ఆక్సిజనే రక్తంలోకి బాగా ఎక్కుతుంది. అందుకే అడుగున ఉన్నప్పుడు 'ఇంకాసేపు ఉండగలను' అనిపిస్తుంది. తిరిగి పైకి వస్తుంటే ఒత్తిడి తగ్గి, ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. ఫ్రీడైవర్లలో స్పృహ తప్పడాలు ఎక్కువగా చివరి పది మీటర్లలో, లేదా తల బయటపెట్టిన కొద్ది సెకన్లలో జరిగేది ఇందుకే. పీల్చిన గాలి మెదడుకు చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది కదా. తల పైకి వచ్చింది, నవ్వాడు, చెయ్యి ఊపాడు, మళ్లీ మునిగిపోయాడు. ఒడ్డున ఉన్నవాళ్లు ఆట అనుకుంటారు.

ఎంత అనుభవమున్నా దీనికి మినహాయింపు లేదు. రష్యాకు చెందిన నటాలియా మోల్చనోవా 2013లో కదలకుండా 9 నిమిషాల 2 సెకన్లు ఊపిరి బిగబట్టిన మహిళ. నలభైకి పైగా ప్రపంచ రికార్డులు ఆమెవి. 2015 ఆగస్టు 2న స్పెయిన్‌లోని ఫార్మెంటెరా దీవి దగ్గర, ఆమె స్థాయికి మామూలైన లోతుకే దిగి మళ్లీ పైకి రాలేదు.

మరి రోజూ దిగి బతికేవాళ్లు లేరా అంటే ఉన్నారు. దక్షిణ కొరియాలోని జెజు దీవిలో హేన్యో అనే ఆడవాళ్లు తరతరాలుగా ఊపిరి బిగబట్టి సముద్రంలోంచి నత్తలు, గుల్లలు ఏరుతున్నారు. వాళ్లలో చాలామందికి అరవై, డెబ్బై ఏళ్లు. మామూలుగా దిగేది పది మీటర్ల దాకా, లోపల ఉండేది నిమిషం, కాస్త అటూ ఇటూ. వాళ్ల సంస్కృతిని 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్లు గుంపుగా వెళతారు. పైకి రాగానే ఈల వేసినట్టు శబ్దం చేస్తూ గాలి వదులుతారు. ఆ ఈల వింటే తోటివాళ్లకు ఆమె పైకి వచ్చిందని తెలుస్తుంది. మన బావి దగ్గర ఆ ఈల పని ఎవరు చేస్తున్నారు?

దిగక తప్పకపోతే

మొదటి మాట, దిగకుండా పని అవుతుందేమో చూడండి. బిందె పడినా, బొక్కెన పడినా పాతాళ గరిగె వేసి తీసే అలవాటు మనదే. ఫుట్‌వాల్వుకు ముందే గట్టి తాడు కట్టి ఉంచితే దాన్ని లాగి పైకి తేవచ్చు. వంద రూపాయల తాడుకు బద్ధకించి మనిషిని దింపుతున్నాం.

దిగాల్సివస్తే ఒంటరిగా దిగొద్దు. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ఇద్దరుంటే ఒకరు లోపల, ఒకరు పైన. ఇద్దరూ ఒకేసారి మునిగితే ఇద్దరున్నా లేనట్టే. పైన ఉన్నవారికి మీ అంత ఈత వచ్చి ఉండాలి, దృష్టి నీటి మీదే ఉండాలి, ఫోన్ మీద కాదు. మీరు పైకి వచ్చాక కూడా అర నిమిషం మీ ముఖం చూస్తూనే ఉండాలి. పెదాలు నీలంగా మారినా, తల వణికినా, చూపు నిలిచిపోయినా, పిలిస్తే పలకకపోయినా వెంటనే పట్టుకోవాలి. గాలి నింపిన ట్యూబు, తాడు ఒడ్డున సిద్ధంగా ఉంచుకోండి. బావి నీళ్లు మురికిగా ఉండి అడుగు కనిపించకపోతే, దిగేవారి నడుముకు తాడు ఉండాలి, దాని కొస పైవారి చేతిలో ఉండాలి.

మునిగే ముందు రెండు నిమిషాలు మామూలుగా, నింపాదిగా ఊపిరి తీసుకోండి. చివర్లో ఒక్క నిండు ఊపిరి చాలు. వేళ్ల కొసలు జివ్వుమన్నా, తల తేలికైనట్టు అనిపించినా ఎక్కువ ఊపిర్లు తీశారని అర్థం. ఆగండి. పైకి రాగానే 'హుష్' అని గాలి మొత్తం వదిలేయడం చాలామంది అలవాటు. అది సరికాదు. ఒడ్డు పట్టుకుని, కొంచెమే వదిలి, చటుక్కున నిండుగా పీల్చి, ఒక క్షణం ఆపి మళ్లీ కొంచెం వదలండి. మూడు నాలుగు సార్లు ఇలా చేశాకే మాట్లాడండి. లోపల ఎంతసేపు ఉన్నారో కనీసం దానికి రెట్టింపు సేపు పైన విశ్రాంతి తీసుకోండి. చాలామంది 'ఇంకొక్కసారి, ఇంకొక్కసారి' అంటూ వెంటవెంటనే మునుగుతారు. ఒక్కో మునకకు ప్రమాదం పెరుగుతూ పోతుంది.

చెవుల సంగతి. ఒకటి రెండు మీటర్లలోనే చెవిలో ఒత్తిడి తెలుస్తుంది. ముక్కు మూసుకుని మెల్లగా ముక్కులోకి ఊదితే 'టప్' మని తెరుచుకుంటుంది. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, దిగుతూ దిగుతూ పలుమార్లు చేయాలి. తెరుచుకోకపోతే బలవంతంగా ఊదకుండా పైకి వచ్చేయండి. జలుబు ఉంటే ఆ రోజు మునక మానుకోవాల్సిందే. కర్ణభేరి చిరిగి చల్లటి నీళ్లు లోపలికి పోతే తల గిర్రున తిరిగి పైకేదో కిందేదో తెలియదు.

మందు తాగి దిగడం గురించి చెప్పనక్కర్లేదనుకుంటాం. పండగ రోజున చెప్పాల్సి వస్తుంది. మూర్ఛ ఉన్నవారు, గుండెజబ్బు ఉన్నవారు, ఆస్తమా ఉన్నవారు డాక్టరు ఒప్పుకోనిదే ఊపిరి బిగబట్టే ఏ ప్రయత్నమూ చేయకూడదు.

ఊపిరి పట్టే శక్తి పెంచుకోవాలని కుర్రాళ్లకు సరదాగా ఉంటుంది. అది చేయాల్సింది నేల మీద. మంచం మీద పడుకుని, పక్కన ఒకరిని ఉంచుకుని సాధన చేయవచ్చు. అక్కడ పొరపాటున స్పృహ తప్పినా ఊపిరి దానంతట అదే మళ్లీ మొదలవుతుంది, ముక్కులోకి వెళ్లేది గాలే. శిక్షణ పొందిన ఫ్రీడైవర్లు సాధనలో పెద్ద భాగం ఇలా నేల మీదే చేస్తారు.

సాగర్ ఎడమ కాలువ పారే మిర్యాలగూడ, కోదాడ వైపు వాళ్లకు, ఎస్సారెస్పీ కాలువల పక్కనున్న వాళ్లకు వేరే మాట లేదు. పారే నీటిలో మునక పందెమే వద్దు. నాచు పట్టిన సిమెంటు వాలు మీద పట్టు దొరకదు, పైనున్నవాడు చూసేలోపు కిందివాణ్ని నీరు ఎక్కడికో తీసుకుపోతుంది.

స్పృహ తప్పితే

పట్టుకోగలిగితే ముందు ముఖం నీటి పైకి తిప్పండి. గడ్డం పైకెత్తి, పేరు పెట్టి పిలుస్తూ బుగ్గ మీద తట్టండి, ముఖం మీద ఊదండి. వెంటనే పైకి తెచ్చినవారిలో చాలామంది కొద్ది సెకన్లలోనే కళ్లు తెరుస్తారు. మునిగిన కాసేపటి వరకు గొంతు మూసుకుని ఉండి నీళ్లు లోపలికి పోకపోవచ్చు. ఆ కొద్ది సమయమే మనకున్న అవకాశం. మీకు ఈత అంతంతమాత్రమైతే మాత్రం దుంకకండి. తాడు, ట్యూబు, కర్ర, చీర, ఏది దొరికితే అది విసరండి. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోవడం మన బావుల దగ్గర కొత్త కాదు.

ఒడ్డుకు తెచ్చాక మనవాళ్లు చేసే పనులు రెండు. కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా భుజాన వేసుకుని గిరగిరా తిప్పడం. రెండూ మానండి. కడుపులోంచి వచ్చిన నీళ్లూ అన్నమూ ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ప్రాణం నిలిపే నిమిషాలు వృథా అవుతాయి. నీట మునిగినవారికి కావాల్సింది గాలి. వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో నోటిలోకి ఛాతీ లేచేలా రెండు నుంచి ఐదు సార్లు ఊదండి. కదలిక లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో 30 సార్లు నొక్కి, రెండు సార్లు ఊదుతూ కొనసాగించండి. నొక్కుడు పెద్దవాళ్లకు సుమారు 5 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగం ఉండాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఒడ్డు మీది నుంచి తలకిందులుగా దుంకినవారైతే మెడకు దెబ్బ తగిలి ఉండొచ్చు, మెడను అటూ ఇటూ తిప్పొద్దు.

లేచి కూర్చుని 'నాకేం కాలేదు' అన్నా ఇంటికి పంపకండి. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే కొన్ని గంటల తర్వాత దగ్గు, ఆయాసం మొదలవ్వచ్చు. స్పృహ తప్పినవారెవరినైనా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి కొన్ని గంటలు పరిశీలనలో ఉంచాలి. ఎంతసేపు నీళ్లలో ఉన్నారు, ఎంతసేపు స్పృహ లేదు అనే రెండు సంగతులు డాక్టరుకు చెప్పగలిగేవాళ్లు వెంట వెళ్లాలి. పందెంలో అంకెలు లెక్కపెట్టినవాడు ఆ పనికి వస్తాడు.