విమానం వెళ్లాక మళ్లీ చరణం

మా అక్క రెండో చరణం ఎత్తుకుంది. గన్నవరంలో మా మేడమీది గది అది. కిటికీకి బొంత కట్టాం, తలుపు సందులో దుప్పటి కుక్కాం, ఫ్యాను ఆపేశాం. సరిగ్గా అప్పుడే విమానం లేచింది. ఆ హోరు గోడల్ని దాటుకుని మైకులో పడింది. ఆపేయనా అన్నట్టు చూసింది అక్క. వద్దు, పాడమని చెయ్యి ఊపాను.

అలా చెయ్యి ఊపగలిగానంటే కంప్యూటర్లో ఉన్న సాఫ్ట్‌వేర్ చలవే.

ఒకప్పుడు ఇది ఇంత తేలిక కాదు. మాకు దగ్గర్లోని విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ పనిచేసిన కేంద్రం. టేపు ఏలిన రోజుల్లో ఏ రేడియోలోనైనా ఎడిటింగ్ అంటే బ్లేడే. పావు అంగుళం టేపును ఏటవాలుగా కోసి, అక్కర్లేని ముక్క తీసేసి, కొసలు అతికించేవారు. కోత తప్పితే గొంతు కూడా తెగేది.

ఆ బ్లేడు పదును పోగొట్టింది కంప్యూటరు. డిజిడిజైన్ సంస్థ 1989లో సౌండ్ టూల్స్, 1991లో ప్రో టూల్స్ తెచ్చింది. ఇందులో అసలు రికార్డింగు చెక్కుచెదరదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, దేని తర్వాత ఏది వినిపించాలి అన్న చిట్టా మాత్రమే మారుతుంది. నా దృష్టిలో రికార్డింగు చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదు. కాకపోతే అప్పట్లో దానికి ఖరీదైన ప్రత్యేక కార్డులు కావలసి వచ్చేవి. మనలాంటి ఇళ్లకు అందేది కాదు.

మా ఇంటికి మొదట చేరింది ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్. 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టారు. 2000 మేలో ఉచితంగా విడుదల చేశారు. నేను పని నేర్చుకున్నది దాని మీదే. ఒక్క గొంతు, ఒక్క మైకు అయితే ఇప్పటికీ అదే చాలు. కానీ చాలాకాలం అందులో ఎఫెక్టు వేస్తే ధ్వనిలోనే కలిసిపోయేది. వింటూ మార్చుకునే వీలు 2022లో 3.2 వెర్షన్‌తో గాని రాలేదు.

తర్వాత నేను రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌కి మారాను. ఎంపీత్రీ పాటలు విన్నవాళ్లందరికీ విన్‌యాంప్ గుర్తుండే ఉంటుంది. 1997లో దాన్ని రాసిన జస్టిన్ ఫ్రాంకెల్, తన సంస్థను కొన్న ఏఓఎల్ నుంచి 2004లో బయటికొచ్చి, 2005 డిసెంబర్‌లో రీపర్‌ని వదిలాడు. 60 రోజులు వాడి చూడొచ్చు. ఆ తర్వాత ఇంట్లో వాడుకునేవాళ్లకి లైసెన్సు 60 డాలర్లు.

గన్నవరంలో నాకు కావలసింది టేకులు, అంటే ఒకే చరణాన్ని మళ్లీ మళ్లీ పాడించి దాచుకున్న రికార్డింగులు. ఫ్యాను హోరు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి, దాని నమూనా చూపిస్తే సాఫ్ట్‌వేర్ తగ్గిస్తుంది. విమానం అలా కాదు, దాని చప్పుడు క్షణక్షణం మారుతుంది. తీసేయబోతే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది. మళ్లీ పాడించడమే దారి. రీపర్‌లో పాత టేకు చెరిగిపోదు, కొత్తదాని కింద పొరలా ఉంటుంది.

ఇంకొకటి, అక్కకి తన గొంతు హెడ్‌ఫోన్లలో ఆలస్యంగా వినపడకూడదు. కంప్యూటరు ధ్వనిని గుప్పెళ్లుగా తీసుకుంటుంది. సెకనుకు 48,000 శాంపిళ్లు తీసేటప్పుడు గుప్పెడు 1024 అయితే, లోపలికి 21 మిల్లీసెకన్లు, బయటికి మరో 21 పడుతుంది. గాలిలో ధ్వని మీటరు దూరం పోవడానికి 3 మిల్లీసెకన్లు కావాలి. అంటే తన గొంతు 14 మీటర్ల అవతల నుంచి వస్తున్నట్టు ఉంటుంది, తాళం జారిపోతుంది. 128కి దించితే అది రెండు మీటర్లలోపే. మరీ దించితే కంప్యూటరు అందుకోలేక చిటపటమంటుంది. పాడేటప్పుడు తక్కువ, మిక్సింగులో ఎక్కువ పెట్టుకుంటాను. ఏ సాఫ్ట్‌వేర్ కొనబోయినా ముందు ఇది మీ కంప్యూటరు మీద చూసుకోండి.

ఆ సాయంత్రం చరణం నాలుగుసార్లు పాడింది అక్క. చివరి టేకు శుభ్రంగా ఉంది. మొదటి పాదం మాత్రం విమానం వచ్చిన టేకులోదే ఉంచాను. హోరు కమ్ముకోకముందు ఆ గొంతులో పలికిన గమకం మళ్లీ పలకలేదు. రెండు పాదాల మధ్య ఊపిరి తీసుకున్న చోట అతుకు వేశాను.