చీమల బారుకు డబ్బా దరువు

నాగర్‌కర్నూల్ పక్కన మా ఊరి అంగన్‌వాడీలో పొద్దున పది గంటలకు దరువు మొదలవుతుంది. డప్పు కాదు, ఖాళీ పాలపొడి డబ్బా. మెల్లగా కొడితే పిల్లలు చీమల్లా బారు కట్టి నడవాలి. దరువు పెరిగితే పుట్టలోకి దూరాలి. పుట్టంటే గోడ వారగా కట్టిన నా పాత చీర. పద్దెనిమిది మంది ఒక్కసారిగా దూరితే ఆ చీర ఎన్నిసార్లు చిరిగిందో లెక్కలేదు.

ఈ ఆట వెనకున్న కథ ఖురాన్‌లోది. అందులో 27వ సూరా పేరు ‘నమ్ల్’, అంటే చీమ. సులేమాన్ ప్రవక్త సైన్యంతో చీమల లోయకు వస్తుంటే ఒక చీమ తోటి చీమలను హెచ్చరిస్తుంది: ఇళ్లలోకి పొండి, వాళ్లు చూసుకోకుండా తొక్కేస్తారేమో అని. ఆ మాట విని సులేమాన్ నవ్వుతారు. ‘చూసుకోకుండా’ అన్న మాట నాకు భలే ఇష్టం. అంత చిన్న చీమ కూడా అంత పెద్ద రాజును తప్పు పట్టలేదు.

మా దగ్గర చదివే ఒక పిల్లాడి దాదీ నాకు ఈ కథ చెప్పింది. నేను ఉత్సాహం ఆపుకోలేక మర్నాడే అట్టతో కిరీటం చేసి ఒకడికి సులేమాన్ వేషం కట్టాను. సాయంత్రానికే దాదీ వచ్చింది.

“టీచరమ్మా, కథ మంచిగుంది. ప్రవక్తల వేషం మాత్రం కట్టియ్యకు. మాలో బొమ్మ గియ్యరు, వేషం వెయ్యరు.”

సిగ్గుతో నా మొహం మాడిపోయింది. “మరెట్ల అమ్మా?”

“చీమలున్నయి గదా, చాలవా?”

చాలాయి. నిజం చెప్పాలంటే ఆట అప్పుడే కుదిరింది. రాజు ఉన్నంతసేపూ ఒకడు ఆడితే మిగతావాళ్లు నిలబడి చూశారు. ఇప్పుడు రాజు డబ్బా చప్పుడులోనే ఉన్నాడు, పిల్లలందరూ చీమలే. చప్పుడు దూరమా దగ్గరా, మెల్లగానా గట్టిగానా అని చెవులు రిక్కించి వింటారు. ఎప్పుడు ఆగాలో కాళ్లకే తెలుస్తుంది. మూడేళ్ల పిల్ల రెండు కాళ్లతో ఎగురుతుంది, ఒంటికాలి మీద గెంతడం నాలుగు నిండేసరికి గానీ కుదరదు. అందుకే చిన్నవాళ్లకు గింజ మోసే చీమ పని, పెద్దవాళ్లకు కాలు నొప్పి చీమ పని. కుంటుతూ గెంతాలి మరి! 3, 4 ఏళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదలాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మా ఒక్క గదిలో అన్ని నిమిషాలు ఎక్కణ్నుంచి వస్తాయి? చీమలే దిక్కు.

అడుగులు నేను కనిపెట్టినవి కావు. పీర్ల పండుగకు గుండం చుట్టూ అలాయి ఆడుతూ పెరిగినదాన్ని. 680లో కర్బలాలో ప్రాణాలిచ్చిన ఇమాం హుస్సేన్‌ను తలుచుకునే ఆ రోజుల్లో, ముస్లింల ఇళ్లు నాలుగైదే ఉన్న మా ఊళ్లో గుండం చుట్టూ తిరిగేది ఊరంతా. ముందుకు మూడు, వెనక్కి ఒకటి. ఇప్పుడు చీమల నడకా అదే.

‘డ్యాన్స్’ అంటే ఒకరిద్దరు తల్లులు మొహం ముడుచుకున్నారు. మన భాష నన్ను ఆదుకుంది. బతుకమ్మ ఆడతాం, కోలాటం ఆడతాం, అలాయి ఆడతాం, గోళీలూ ఆడతాం. అన్నీ ఆటలే. రిజిస్టర్‌లో ‘ఆట’ అనే రాశాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

చాలా ముస్లిం ఇళ్లల్లో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా చేయించి అక్షరం మొదలుపెడతారు. దాదీ మనవడికీ చేశారు. ఆ రోజు వాడు కొత్త టోపీతో మిఠాయి పంచడానికి వచ్చి, డబ్బా మోగగానే పళ్లెం నా చేతిలో పెట్టి బారులో కలిసిపోయాడు.

ఇప్పుడు దాదీ సులేమాన్‌కు కబురు తెచ్చిన హుద్‌హుద్ పిట్ట కథ చెబుతోంది. తలమీద కుచ్చు ఉండే కూకుడు గువ్వ అది. కాగితం కుచ్చులు కత్తిరిస్తున్నాం. మీ ఇంట్లో కథలు తెలిసిన పెద్దమ్మలుంటే మీ ఊరి అంగన్‌వాడీకి పంపండి. పది గంటలకే పంపండి. పదకొండు దాటితే పిల్లలకు ఆకలి, ఏ కథా వినరు.